రిపోర్టులో ఎక్స్‌పీడీ అని రాసుంది, పాపకి ఎండజబ్బేనా?

గాజువాక_నాన్న
మా పాపకి నాలుగేళ్లు. పుట్టినప్పటి నుంచీ ఒళ్లంతా పొలుసులు. జుట్టు దువ్వెన తగిలితే చాలు, విరిగి చేతిలోకి వచ్చేస్తుంది. ఎత్తు కూడా తోటి పిల్లలకంటే తక్కువే. ఇన్నాళ్లూ ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్పారు. చివరికి జీన్ టెస్ట్ చేయించమంటే చేయించాం. మొన్న రిపోర్ట్ వచ్చింది. అందులో ఈఆర్‌సీసీ2 అనే జీన్, ఎక్స్‌పీడీ అనే ప్రొటీన్, పక్కనే జీరోడెర్మా పిగ్మెంటోసమ్ గ్రూప్-డి అని ఉంది. రిపోర్ట్ ఇచ్చినచోట రెండు నిమిషాలు కూడా మాట్లాడలేదు. "ఎండ తగలనివ్వకండి, క్యాన్సర్ వస్తుంది" అని పంపేశారు.

ఇంటికొచ్చి నెట్‌లో చూస్తే ముఖం నిండా మచ్చలు, పుండ్లు పడిన పిల్లల ఫొటోలు. మా పాప ముఖం మీద ఒక్క మచ్చ లేదు. అయినా కిటికీలన్నిటికీ దుప్పట్లు కట్టేశాం. వాళ్లమ్మ అన్నం తినడం లేదు. ఇంకో సంగతి, పాపకి జ్వరం వచ్చినప్పుడల్లా జుట్టు కుచ్చులుగా ఊడిపోతుంది, తగ్గాక మళ్లీ మొలుస్తుంది. మా అమ్మ దిష్టి అంటోంది. ఇలాంటి రిపోర్ట్ చదవడం తెలిసినవాళ్లు ఉంటే చెప్పండి.

ఉప్పుగాలి
అయ్యో. ముందు ఆ ఫొటోలు చూడ్డం ఆపేయండి. ఆవిడని కూడా చూడనివ్వకండి.

బయో_బుజ్జి
రిపోర్టులో మార్పు ఎన్నో స్థానంలో ఉందో రాయగలరా? ఒక అంకె, దానికి అటూ ఇటూ అమైనో ఆమ్లాల పేర్లు ఉంటాయి. జీన్ పేరు ఒక్కటే పట్టుకుని ఏ జబ్బో చెప్పలేం. ఎక్స్‌పీడీ చెడినప్పుడు ఒకటి కాదు, నాలుగైదు రకాల జబ్బులు రావచ్చు.

కంచరపాలెం_కుర్రాడు
ఒకే జీన్‌కి నాలుగైదు జబ్బులేటండీ? కొత్తగా వింటన్నాను.

గాజువాక_నాన్న
ఆర్జినిన్, 658, సిస్టీన్ అని ఉంది. హోమోజైగస్ అని కూడా రాశారు. మా ఆవిడ నాకు మేనత్త కూతురు.

బయో_బుజ్జి
658 అన్నారా! హోమోజైగస్ అంటే అమ్మ వైపు కాపీలో, నాన్న వైపు కాపీలో రెండింటిలోనూ అదే మార్పు ఉందని. మీరు మొదటి పోస్టు చివర్లో రాసిన జ్వరం మాటే ఇందులో అసలు ఆధారం. కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

మన కణంలో టీఎఫ్-2-హెచ్ అనే ప్రొటీన్ల గుంపు ఉంది. మొత్తం పది ప్రొటీన్లు కలిస్తే ఆ గుంపు. ఎక్స్‌పీడీ అందులో ఒకటి, 760 అమైనో ఆమ్లాల పొడుగు. దాన్ని తయారుచేసే జీనే ఈఆర్‌సీసీ2, అది 19వ క్రోమోజోమ్ మీద ఉంటుంది. ఈ గుంపు రెండు పనులు చేస్తుంది. ఒకటి, జీన్‌ని చదివి ఆర్‌ఎన్‌ఏ రాసే పని మొదలవడానికి డీఎన్‌ఏ రెండు పోగులనూ విడదీయడం. దాన్నే ట్రాన్స్‌క్రిప్షన్ అంటారు. రెండోది, అతినీలలోహిత కిరణాల వల్ల డీఎన్‌ఏ దెబ్బతిన్నచోట పోగులు విప్పి, ఆ దెబ్బ నిజంగా ఉందో లేదో చూసి, పాడైన ముక్కని కోసేయడానికి దారి ఇవ్వడం. జాలరిపేటలో వల వేసే చెయ్యే చిరిగిన వల కన్ను కూడా అల్లుతుంది చూడండి, అలాగన్నమాట.

ఇప్పుడు కీలకం. ట్రాన్స్‌క్రిప్షన్‌కి డీఎన్‌ఏ తెరవడంలో ముఖ్యమైన పని ఎక్స్‌పీబీ అనే తోటి ప్రొటీన్‌ది. ఎక్స్‌పీడీకి ఉన్న పోగులు విప్పే శక్తి దానికి అవసరం లేదు, అది రిపేర్‌కే కావాలి. కానీ ఎక్స్‌పీడీ సరిగ్గా కూర్చోకపోతే గుంపు మొత్తం వదులైపోతుంది. అందుకని మార్పు ఎక్కడ పడిందో అదే జబ్బుని తేలుస్తుంది. పోగులు విప్పే శక్తి పోతే రిపేర్ ఆగి జీరోడెర్మా వస్తుంది. గుంపు నిలకడే తప్పితే కణంలో టీఎఫ్-2-హెచ్ మొత్తం తగ్గిపోయి ట్రైకోథయోడిస్ట్రఫీ అనే ఇంకో జబ్బు వస్తుంది. జుట్టు పెళుసు, చర్మం పొలుసులు, ఎదుగుదల తక్కువ ఇవన్నీ దీని లక్షణాలే.

2001లో రోటర్‌డామ్ బృందం నేచర్ జెనెటిక్స్‌లో అచ్చం మీ పాపలాంటి పిల్లల గురించే రాసింది. అదే 658వ స్థానం, అదే మార్పు. జ్వరం వస్తే జుట్టు ఊడటం, తగ్గాక రావడం. ఆ కణాల్ని ల్యాబ్‌లో కొంచెం వేడిలో పెంచితే టీఎఫ్-2-హెచ్ నిలకడ తప్పింది. ట్రాన్స్‌క్రిప్షన్, రిపేర్ రెండూ పడిపోయాయి. అంటే జ్వరం వేడికే ఆ ప్రొటీన్ ఇంకా బలహీనమవుతుంది. దిష్టి కాదు నాన్నగారూ, మీ అమ్మగారికి చెప్పండి.

గాజువాక_నాన్న
మూడుసార్లు చదివాను. చేతులు వణుకుతున్నాయి. మరి రిపోర్టులో జీరోడెర్మా అని ఎందుకు రాశారు?

బయో_బుజ్జి
ఆ ప్రొటీన్ని మొదట కనిపెట్టింది జీరోడెర్మా రోగుల ద్వారా. డి-గ్రూపు రోగుల్లో చెడింది కాబట్టి ఆ పేరు పడింది. ల్యాబ్ సాఫ్ట్‌వేర్ జీన్ పక్కన డేటాబేస్‌లో ఉన్న జబ్బుల్లో మొదటిది వేసేసి ఉండొచ్చు. కింద చిన్న అక్షరాల్లో ఇంకా పేర్లు ఉంటాయి, చూడండి.

గాజువాక_నాన్న
ఉంది. రెండో పేజీ కింద ట్రైకోథయోడిస్ట్రఫీ 1 అని ఉంది. ఎవరూ చూపించలేదు.

నీడపట్టున
ఆగండాగండి. బుజ్జిగారి సైన్సు బాగుంది, కానీ ఇది చదివి ఆయన దుప్పట్లు పీకేసి రేపే పాపని ఆర్కే బీచ్‌కి తీసుకెళ్తే? మా బాబుది జీరోడెర్మా, సి-గ్రూపు. రెండేళ్లు నిండకముందే ముఖం మీద చుక్కలు మొదలయ్యాయి. "ఎండకి నల్లబడ్డాడు, పౌడర్ రాయండి" అన్నారు. అప్పట్లో మమ్మల్ని గట్టిగా హెచ్చరించినవాళ్లు ఒక్కరుంటే బాగుండేది. జీరోడెర్మా పిల్లల్లో మొదటి చర్మ క్యాన్సర్ సగటున తొమ్మిదేళ్లకే కనిపిస్తుందని లెక్కలున్నాయి. ఇరవై ఏళ్లలోపు మామూలువాళ్లకంటే పదివేల రెట్ల ముప్పు. విశాఖలో ఎండ ఆటకాదు. మే రెండో వారంలో ఒకసారి, ఆగస్టు మొదట్లో ఇంకోసారి మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తిమీద ఉంటాడు మనకి. మబ్బు పట్టినా అతినీలలోహితం దిగుతూనే ఉంటుంది. ఎండ గురించి తేలిగ్గా రాయకండి.

బయో_బుజ్జి
తేలిగ్గా తీసుకోమని నేను రాయలేదండీ. ఈ జబ్బున్న పిల్లల్లో సుమారు సగం మందికి ఎండ పడదు, త్వరగా చర్మం కమిలిపోతుంది. రిపేర్ లోపం వీళ్లకీ ఉంటుంది. కానీ జీరోడెర్మాలోలాగా చర్మ క్యాన్సర్లు వీళ్లలో కనిపించవు. ఎందుకన్నదాని మీద శాస్త్రవేత్తల మధ్య ఇంకా వాదన నడుస్తోంది. టోపీ, నిండు చేతుల చొక్కా, సన్‌స్క్రీన్ అన్నీ కావాలి. చీకటి గది మాత్రం అక్కర్లేదు అంటున్నాను.

డాక్టరమ్మ_ఎంవీపీ
చర్మ డాక్టర్ని. ఇద్దరూ చెప్పేది నిజమే. తెరమీద చదివి జబ్బు ఖాయం చెయ్యను కానీ, చాలా చవకైన పరీక్ష ఒకటుంది, అది జరిగిందో లేదో అడుగుతున్నా. నాలుగు వెంట్రుకలు కత్తిరించి పోలరైజ్డ్ కాంతిలో మైక్రోస్కోప్ కింద పెడితే ఒకదాని పక్కన ఒకటి నలుపు తెలుపు చారలు కనిపిస్తాయి. పులి తోక చారలు అంటాం. ఆ వెంట్రుకల్లో గంధకం తక్కువ. జుట్టుకి గట్టితనం ఇచ్చేవి గంధకం నిండా ఉన్న ప్రొటీన్లే. పాపకి చేశారా?

గాజువాక_నాన్న
లేదు డాక్టర్‌గారూ. జుట్టుని ఎవరూ మైక్రోస్కోప్ కింద పెట్టలేదు. గోళ్లు కూడా పొరలుగా లేచిపోతాయి. ఇంకోటి, రక్తం తక్కువని ఎప్పుడూ ఐరన్ సిరప్ రాస్తుంటారు. తాగిస్తూనే ఉన్నాం, పెరగదు. ఒకచోట తలసీమియా మైనర్ అన్నారు. మా ఇద్దరికీ టెస్ట్ చేస్తే లేదన్నారు. మరి పాపకి ఎలా వచ్చిందని చుట్టాల్లో గుసగుసలు. మా ఆవిడని ఎంత బాధపెట్టారో చెప్పలేను.

డాక్టరమ్మ_ఎంవీపీ
ఆ గుసగుసలకి జవాబు 2001లోనే వచ్చింది. ఎక్స్‌పీడీ మార్పు వల్ల ట్రైకోథయోడిస్ట్రఫీ వచ్చిన పిల్లల రక్తం బీటా తలసీమియా మైనర్‌లా కనిపిస్తుందని ఆ ఏడాది పరిశోధకులు చూపించారు. ఎర్రకణాలు చిన్నవి, హెచ్‌బీ-ఏ2 అనే రకం హిమోగ్లోబిన్ కొంచెం ఎక్కువ. బీటా గ్లోబిన్ జీన్‌లో మాత్రం తప్పు ఉండదు. అమ్మానాన్నలకి తలసీమియా ఉండక్కర్లేదు. ఈ పేరా ప్రింట్ తీసి ఆ చుట్టాల చేతిలో పెట్టండి.

కారణం కూడా చెప్తా. చర్మం పైకణాలు, జుట్టు కణాలు, ఎర్రకణాలు ముదిరే దశలో ఒకటి రెండు ప్రొటీన్లనే గుట్టలుగా తయారుచెయ్యాలి. అప్పటికి కొత్త టీఎఫ్-2-హెచ్ తయారీ తగ్గిపోతుంది. మామూలు పిల్లల్లో ఉన్న నిల్వ సరిపోతుంది. వీళ్లలో ఆ నిల్వే తక్కువ, అది త్వరగా చెడిపోతుంది కూడా. అందుకే పొలుసులు, పెళుసు జుట్టు, చిన్న ఎర్రకణాలు. మూడింటికీ మూలం ఒక్కటే.

ఉప్పుగాలి
ఇది చదివి ఒళ్లు జలదరించింది. జుట్టుకీ రక్తానికీ ముడి ఉంటుందని ఎవరనుకుంటారు.

రామం_మాస్టారు
జువాలజీ పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఈ ప్రొటీన్ కథ నాకు ఎప్పటికీ ఇష్టం. జీరోడెర్మాని వియన్నాలో కపోసి వర్ణించింది 1874లో. అది డీఎన్‌ఏ రిపేర్ లోపమని శాన్‌ఫ్రాన్సిస్కోలో జేమ్స్ క్లీవర్ చూపించింది 1968లో. మధ్యలో దాదాపు వందేళ్లు. ఆ తర్వాత 1993లో ఇంకో సంచలనం. రిపేర్ ప్రొటీన్ అని అందరూ అనుకుంటున్న ఎక్స్‌పీబీ, ట్రాన్స్‌క్రిప్షన్ వాళ్లు వేరేగా శుద్ధి చేసుకున్న టీఎఫ్-2-హెచ్‌లో భాగమని స్ట్రాస్‌బర్గ్, రోటర్‌డామ్ వాళ్లు కలిసి కనుక్కున్నారు. అప్పటిదాకా ఆ రెండు రంగాలవాళ్లు ఒకే ప్రొటీన్ మీద పని చేస్తున్నామని ఎరగరు. క్లాసులో ఇది చెప్పినరోజు పిల్లలు గంట కొట్టినా కదిలేవారు కాదు.

కంచరపాలెం_కుర్రాడు
మాస్టారూ, ఎక్స్‌పీడీలో ఇనుము కూడా ఉంటుందని చదివాను, నిజమేనా? అయితే మన స్టీల్ ప్లాంట్ ఊరి ప్రొటీనే 😄

రామం_మాస్టారు
నిజమే. నాలుగు ఇనుము, నాలుగు గంధకం పరమాణువుల చిన్న గుత్తి ఒకటుంటుంది. అది లేకపోతే డీఎన్‌ఏ పోగులు విప్పలేదు.

ఉప్పుగాలి
అయితే ఐరన్ సిరప్ పనికొచ్చినట్టేనా?

డాక్టరమ్మ_ఎంవీపీ
కాదు. ఆ గుత్తికి కావలసిన ఇనుముకి కొరతేం లేదు, చెడింది ప్రొటీన్ ఆకారం. పాపకి ఫెరిటిన్, అంటే ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పే పరీక్ష చూసి, తక్కువుంటేనే ఐరన్ ఇవ్వాలి. తలసీమియాలా కనిపించే రక్తానికి ఊరికే సిరప్ పోస్తే లాభం లేదు. నాన్నగారూ, మానెయ్యమని కాదు, ఫెరిటిన్ చేయించి మీ పిల్లల డాక్టర్‌ని అడగండి.

భీమిలి_భారతి
ఎవరూ అనలేదు కాబట్టి నేనే అంటాను. మేనరికాలు మానండి. ఎన్ని తరాలు చెప్పినా మన జిల్లాల్లో వినరు.

గాజువాక_నాన్న
పెళ్లయ్యాక ఈ మాట విని ఏం చెయ్యనండీ.

నీడపట్టున
భారతిగారూ, మాది మేనరికం కాదు, బయటి సంబంధం. అయినా వచ్చింది. ముప్పు పెరుగుతుంది, ఒప్పుకుంటాను. కానీ ఈ ఇంట్లో ఇప్పుడు కావలసింది అది కాదు.

భీమిలి_భారతి
బాధపెట్టాలని కాదు. మా చిన్నాన్న ఇంట్లో ఇద్దరు పిల్లలు పోయారు, ఏ జబ్బో కూడా తెలీదు. అందుకే అన్నాను. ఆయన తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఇంకా పెళ్లి కాకుండా ఉంటే వాళ్లకైనా చెప్పుకోవాలి కదా.

బయో_బుజ్జి
ఈ మాట మాత్రం పనికొచ్చేదే. లెక్క ఇది: అమ్మ దగ్గర ఒక చెడ్డ కాపీ, నాన్న దగ్గర ఒకటి. ఇద్దరికీ ఏ లక్షణమూ ఉండదు. ప్రతి కాన్పుకీ నాలుగింట ఒక వంతు అవకాశం, మొదటి బిడ్డకి వచ్చింది కాబట్టి రెండో బిడ్డకి రాదని కాదు. మీ ఇద్దరికీ అదే 658 ఉందో లేదో ముందు చూపించుకోండి. అది తేలితే రెండో కాన్పులో 11 నుంచి 13 వారాల మధ్య మావి ముక్క తీసి చూడొచ్చు. హైదరాబాద్‌లో నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది, డీఎన్‌ఏ పరీక్షలు చేసే సీడీఎఫ్‌డీ సంస్థ ఉంది. ఒకసారి కూర్చుని మాట్లాడి రండి. రెండు నిమిషాల్లో పంపేసే చోట్లకి మళ్లీ వెళ్లకండి.

సింహాచలం_సంపెంగ
ఈ చర్చ చూసి గుండె గుభేల్‌మంది. మా వారికి మూత్రాశయ క్యాన్సర్. అగనంపూడిలో చూపిస్తున్నాం. కణితి రిపోర్టులో ఈఆర్‌సీసీ2 మార్పు అని ఉంది. మా పిల్లలకి కూడా ఈ జబ్బు వస్తుందా?

డాక్టరమ్మ_ఎంవీపీ
మీది పూర్తిగా వేరే సంగతి, భయపడకండి. అది కణితిలో మాత్రమే పుట్టిన మార్పు అయితే పిల్లలకి అందదు. రిపోర్టులో సొమాటిక్ అనే మాట ఉందేమో చూడండి. లేకపోతే డాక్టర్‌ని అడిగి తెలుసుకోండి.

బయో_బుజ్జి
పైగా సంపెంగగారూ, ఈ మార్పు మందుకి ఉపయోగపడొచ్చు. సిస్‌ప్లాటిన్ అనే క్యాన్సర్ మందు డీఎన్‌ఏని దెబ్బతీసి క్యాన్సర్ కణాన్ని చంపుతుంది. ఎక్స్‌పీడీ బాగున్న కణం ఆ దెబ్బని కొంత బాగు చేసుకుంటుంది. చెడిన కణం చేసుకోలేదు. 2014లో మూత్రాశయ క్యాన్సర్ రోగుల్లో చూస్తే, సర్జరీకి ముందు సిస్‌ప్లాటిన్ ఇచ్చినప్పుడు కణితి పూర్తిగా కరిగినవాళ్లలోనే ఈఆర్‌సీసీ2 మార్పులు కనిపించాయి. అందరికీ అలాగే అవుతుందని కాదు, మీ క్యాన్సర్ డాక్టర్ దగ్గర ఈ ప్రశ్న వెయ్యండి.

సింహాచలం_సంపెంగ
మందు పేరు సిస్‌ప్లాటినే. రేపు అడుగుతాను. మీకు పుణ్యముంటుంది తల్లీ.

కంచరపాలెం_కుర్రాడు
ఒకరింట్లో చెడితే శాపం, ఇంకొకరి కణితిలో చెడితే వరం. భలే ప్రొటీనండీ బాబూ.

నీడపట్టున
గాజువాక అన్నా, మేము చేసేవి రాస్తాను, మీ పాపకి కావలసినంత తీసుకోండి. మామూలు కిటికీ అద్దం యూవీ-బీని ఆపుతుంది కానీ యూవీ-ఏ లోపలికి వచ్చేస్తుంది. అందుకని దుప్పట్ల బదులు యూవీ ఫిల్మ్ అంటించాం, వెలుగు వస్తుంది, గాలికి తలుపు సాయంత్రం తీస్తాం. యూవీ మీటర్ అని చేతిలో పట్టేది ఒకటి కొన్నాం, ఇంట్లో ఏ మూల ఎంతుందో తెలుస్తుంది. ఎండ లేకపోతే డి-విటమిన్ పడిపోతుంది, డాక్టర్ రాసిచ్చారు, వేస్తున్నాం. బాబు ఆటంతా సూర్యాస్తమయం తర్వాత బీచ్ రోడ్డులో. ఇసుక కూడా కిరణాల్ని పైకి కొడుతుంది, పగలు గొడుగు కింద కూర్చోబెట్టినా సరిపోదు.

మీ దుప్పట్లు మాత్రం తీసెయ్యండి. మన ఉక్కలో పొలుసుల చర్మం ఉన్న పిల్లకి చీకటి గది నరకం.

డాక్టరమ్మ_ఎంవీపీ
ఇది చాలా ముఖ్యం. పొలుసుల చర్మానికి చెమట సరిగా పట్టదు, ఒంటి వేడి దిగదు. కిటికీలు మూసి, కరెంటు పోయి, ఫ్యాన్ ఆగితే ఒళ్లు వేడెక్కిపోతుంది. ఈ పాపకి వేడే శత్రువు, 658 కథ విన్నారుగా. గదిలో గాలి ఆడాలి. స్నానం అయిన వెంటనే, తడి ఆరకముందే మాయిశ్చరైజర్ పట్టించండి. జ్వరం వస్తే దుప్పటి కప్పకండి, బరువుకి తగ్గ పారాసిటమాల్ ఇచ్చి గోరువెచ్చని నీటితో ఒళ్లు తుడవండి. "చూద్దాం రేపటికి" అనుకోకుండా అదేరోజు డాక్టర్ దగ్గరికి. జుట్టు పోతుందని కాదు నేను భయపడేది. ఈ పిల్లలకి ఇన్‌ఫెక్షన్లు తరచుగా వస్తాయి, వస్తే గట్టిగా వస్తాయి. ప్రాణం మీదకి తెచ్చేవి అవే. కళ్లు కూడా చూపించండి, చిన్నప్పుడే శుక్లాలు రావచ్చు.

ఉప్పుగాలి
దీనికి మందు లేదా డాక్టర్‌గారూ? జీన్ థెరపీ అంటున్నారు కదా ఈమధ్య.

డాక్టరమ్మ_ఎంవీపీ
ప్రొటీన్ని సరిచేసే మందు ఇప్పుడు చేతిలో లేదు. ఎవరైనా ఉందని డబ్బు అడిగితే నమ్మకండి. చర్మం, ఇన్‌ఫెక్షన్లు, తిండి, ఎదుగుదల, కళ్లు, ఇవి చూసుకుంటూ పోవడమే వైద్యం. అది సరిగ్గా జరిగిన పిల్లకీ జరగని పిల్లకీ చాలా తేడా ఉంటుంది.

రామం_మాస్టారు
నాన్నగారూ, పాప ఆడుకుంటుందా? మాటలు వచ్చాయా?

గాజువాక_నాన్న
మాటలు కొంచెం ఆలస్యం. కానీ నవ్వుతూనే ఉంటుంది మాస్టారూ, ఎవరొచ్చినా ఒళ్లో ఎక్కేస్తుంది.

రామం_మాస్టారు
ఈ జబ్బున్న పిల్లలు నలుగురితో బాగా కలిసిపోతారని వైద్యులు రాశారు. ఎదుగుదల ఆలస్యం కూడా ఇందులో భాగమే కాబట్టి మాటల థెరపీ ఇప్పుడే మొదలుపెట్టించండి. నాలుగేళ్లు మంచి వయసు.

గాజువాక_నాన్న
దుప్పట్లు తీశాం. మా ఆవిడ డాక్టర్‌గారి తలసీమియా పేరా ఫోన్‌లో మా అత్తకి చదివి వినిపించింది. అవతల చాలాసేపు మాట లేదంట. ఇంక రెండు ప్రశ్నలు. వెంట్రుకల పరీక్షకి ఏమని అడగాలి? జూన్‌లో స్కూల్లో వేద్దామనుకుంటున్నాం, వెయ్యొచ్చా?

డాక్టరమ్మ_ఎంవీపీ
"పోలరైజ్డ్ మైక్రోస్కోపీ, ట్రైకోథయోడిస్ట్రఫీ అనుమానం" అని చీటీ మీద రాయించుకోండి. పెద్ద ఆసుపత్రిలో చర్మ విభాగం, పాథాలజీ విభాగం ఉన్నచోట అవుతుంది. వెంట్రుకలు పీకక్కర్లేదు, కత్తెరతో చాలు. నూనె రాయకుండా తీసుకెళ్లండి.

స్కూల్లో వెయ్యండి. టీచరమ్మకి ఒక కాగితం ఇవ్వండి. మొదటి వాక్యం: పాపకి ఒళ్లు వేడిగా అనిపిస్తే వెంటనే ఫోన్ చెయ్యాలి. రెండోది: ఎండలో ప్రార్థన, ఆటలు వద్దు, నీడలో వెయ్యొచ్చు. మూడోది: ఇది అంటుకునేది కాదు, పక్కన పిల్లల్ని కూర్చోబెట్టాలి.

నీడపట్టున
నాలుగోది నేను కలుపుతాను. టోపీ తియ్యమని అడగొద్దు. మా బాబు స్కూల్లో యూనిఫామ్ కాదని రోజూ తీయించేవారు, రాసిచ్చాక ఆగింది.

గాజువాక_నాన్న
ఇప్పుడే రాస్తున్నాను. పూర్తయ్యాక ఇక్కడ పెడతాను, ఏమైనా వదిలేస్తే చెప్పండి.